ఏడో గడి

దరఖాస్తులో ఏడో గడి మరీ ఇరుకు.
తండ్రి పేరు, పుట్టిన ఊరు, పుట్టిన దేశం
మూడూ ఆ బెత్తెడు చోట్లోనే ఒదగాలట.

పుంతా అరేనాస్‌లో ఇవాళ గాలి
మనుషుల్ని చెవి పట్టుకుని నడిపిస్తోంది.
వీధి మలుపులో కట్టిన తాడు ఒక చేత్తో,
కాగితాల సంచీ ఇంకో చేత్తో కడుపుకి అదుముకుని,
డెబ్బై రెండేళ్ల నేను
నాన్న దేశాన్ని అడగడానికి వచ్చాను.

మనవడు లిసాంద్రో కోసం, అని అందరికీ చెప్పాను.
వాడు అక్కడ ఓడల ఇంజన్ల చదువు చదవాలి.
అది నిజమే.
చెప్పుకోదగ్గ నిజం.

నాన్న ఇక్కడ నలభై ఏళ్లు గొర్రెల ఉన్ని కత్తిరించాడు.
ఉన్నిలోని కొవ్వు పట్టి పట్టి
అరచేతులు పసిపిల్లాడివిలా ఉండేవి.
మాటే గరుకు.
మీ ద్వీపంలో ఏముంటాయి నాన్నా అంటే
"రాళ్లు" అనేవాడు.
వదలకుండా అడిగితే, "తెల్ల రాళ్లు."
అమ్మ "యెర్కో" అని పిలిస్తే
ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా పలికేవాడు.
ఉన్ని మిల్లు మోతకి చెవి పోయిందనుకున్నాం.

ఇనుప సామాన్ల కొట్టు పైన ఆ ఆఫీసు.
మేకుల వాసన మెట్లెక్కి మాతో పాటు వచ్చింది.
బ్రాచ్ నుంచి చర్చి రిజిస్టరు నకళ్లు వచ్చాయి,
రెండు.
ఒకటే అడిగాను నేను.

యెర్కో, పందొమ్మిది వందల పదిహేడు.
అంచున వేరే సిరాతో చిన్న శిలువ:
పదిహేడో ఏట, సముద్రంలో.
బార్తుల్, ఇరవై ఒకటి. అదే తల్లి, అదే తండ్రి.
అంచున శిలువ లేదు, పెళ్లి లేదు,
ఏ సిరా లేదు.
పదిహేడేళ్ల కుర్రాడికి ఓడెక్కే వయసు కావాలి.
ఇంట్లో ఒక వయసు ఊరికే పడి ఉంది.
ముప్పై ఎనిమిదిలో ఈ రేవులో దిగింది
యెర్కో.

కాగితాల మీద ఎక్కడా చిక్కు లేదు.
యెర్కో పుట్టాడు, దిగాడు, పెళ్లాడాడు,
నన్ను కన్నాడు, ఎనభై నాలుగులో ఇక్కడే పోయాడు.
సముద్రంలో ఒకసారి పోయిన సంగతి
ఎవరూ అడగరు.

దేశం మాటా అంతే.
అన్న పుట్టినప్పుడు ఆ రాళ్లు ఒక చక్రవర్తివి.
తమ్ముడు పుట్టేసరికి ఒక రాజువి.
ఒకే గదిలో, ఒకే మంచం మీద,
ఒకే తల్లికి
ఇద్దరు పరదేశులు.

బల్ల వెనక రొమినా చిన్నపిల్ల.
దాని కళ్లజోడుకి ఒక పక్క టేపు.
గొంతు తగ్గించి అంది:
"శిలువ ఉన్న పేజీ ఇవ్వక్కర్లేదు సెన్యోరా.
పుట్టిన పత్రం చాలు."
మంచి పిల్ల.
నన్ను పెదనాన్న కూతుర్ని చేస్తే
మనవడు ఓడెక్కుతాడు.
నాన్న కూతుర్నే అంటే
నాకు తండ్రే లేడు.
బార్తుల్‌కి పిల్లలున్నట్టు
భూమ్మీద ఒక్క చీటీ లేదు.

అరచేతులున్నాయి, అందామనుకున్నాను.
ఆ మెత్తదనం నాకు తెలుసు, జ్వరం వచ్చిన రాత్రుల్లో
నుదుటి మీద పెట్టేవాడు, అందామనుకున్నాను.
దానికి గడి లేదు.

"ఇది ఎలా పలకాలమ్మా?" అని
రెండో నకలు మీద వేలు పెట్టాను.
నాకు రాక కాదు.
ఆ పిల్ల కాగితం వెలుతురుకి ఎత్తి
స్పష్టంగా, కాస్త గట్టిగా,
డాక్టరు గది బయట వరస పిలిచినట్టు చదివింది:
"బార్తుల్!"

ఎనభై ఐదేళ్లలో ఈ ఊళ్లో
నాన్నని ఎవరైనా పిలవడం అదే మొదలు.

"ఊఁ" అన్నాను,
వెంటనే.